హుషారు గోలి వేసుకొని పిట్టకు కాపలా

నాకు ఈ గోలి రావడానికి కారణం మా బిడ్డకు బోర్డు కనబడకపోవడం.

బిడ్డ ఏడో తరగతి. క్లాసులో కుదురుగా కూర్చోదు, పక్కపిల్ల నోటుబుక్కులోకి తొంగి చూస్తుంది, సారు బోర్డు మీద రాస్తుంటే కిటికీలోంచి బయటకు చూస్తుంది అని బడి నుంచి మూడుసార్లు కబురొచ్చింది. నాలుగోసారి, ఒకసారి మనసు డాక్టరుకు చూపించండి అన్నారు. సిరిసిల్లలో చూపిస్తే మేం ఇంటికి చేరేలోపే ఆ సంగతి వాడకట్టంతా తిరిగొస్తుందని మా ఆమె భయం. ఆమె పుట్టిల్లు కొడిమ్యాల కాబట్టి జగిత్యాలలో ఎవరెవరు డాక్టర్లు ఉన్నారో ఆమెకు నోటికి తెలుసు. ముగ్గురం బస్సెక్కి జగిత్యాల పోయాం.

డాక్టరమ్మ మంచి మనిషి. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని మమ్మల్ని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది.

"పాప మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తుందా?"

"బిడ్డ సంగతి ఏమో గని మేడం," అన్నది మా ఆమె, "ఈయన ఇంటికి సున్నం ఏసుడు మొదలువెట్టి రెండు దసరాలాయె. ఒక్క గోడ తెల్లగున్నది. మూడు గోడలు ఈయన మొకం తీర్గున్నయి."

"వస్తువులు ఎక్కడైనా పెట్టి మరిచిపోతుందా?"

"చెప్పులు పోగొడ్తడు మేడం. జత పోతే అది వేరే ముచ్చట. ఒక్క చెప్పు పోగొట్టుకొని ఇంటికస్తడు. ఒక్క చెప్పు ఎట్ల పోతది మేడం? నడుసుకుంట అచ్చేటోనికి తెల్వదా?"

"ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే..."

"ఆఁ, అవును," అన్నాను నేను.

"నేనింకా అడగడం అయిపోలేదండి," అన్నది డాక్టరమ్మ.

అప్పటికి నేను కుర్చీలో లేను. గోడ మీద పెట్టిన గుండె బొమ్మ దగ్గర నిలబడి రక్తం ఎటునుంచి ఎటు పోతుందో వేలితో చూసుకుంటున్నాను. డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసి మా ఆమె చేతికిచ్చింది. "పాపకు చూపు తక్కువున్నట్టుంది. ఇది కంటి డాక్టరుకు చీటీ. అద్దాలు పెడితే అంతా సర్దుకుంటుంది," అన్నది. తర్వాత కుర్చీ నా వైపు తిప్పుకున్నది. "మీరు మాత్రం కూర్చోండి."

అట్లా మా బిడ్డకు అద్దాలు, నాకు రోగం వచ్చాయి.

రోగం అంటే పెద్దదేం కాదు. దృష్టి ఒకచోట నిలవదట. పుట్టుకతోనే ఉంటుందట. ఇంకో రెండుసార్లు రమ్మని, బీపీ చూసి, గుండెకు తీగలు పెట్టి పరీక్ష చేయించి, చిన్నప్పటి సంగతులన్నీ అడిగింది. నా చదువు ఆరో తరగతి దాకానే. బడిలో లెక్కల సారు నన్ను పేరుతో పిలవలేదు, కోతీ అనే పిలిచేవాడు. హాజరు పట్టీలో అదే రాసుకున్నాడేమో అని ఇప్పటికీ నా అనుమానం. అదంతా విని డాక్టరమ్మ తల ఊపి, ఒక గోలి రాసింది.

"ఇది మెదడును హుషారు చేసే మందు."

మా ఆమె అదిరిపడ్డది. "హుషారా? ఈయనకా మేడం? గీ ఉన్న హుషారుకే సగం చస్తున్నం."

"అట్ల కాదమ్మా. మెదడుకు కావాల్సిన హుషారు అందితే మనిషి నిదానమవుతాడు. రోజూ పొద్దున ఒకటి. కడుపునిండా టిఫిన్ తిన్నాకే వేసుకోవాలి. ఎవరడిగినా ఇవ్వొద్దు. ఏదైనా తేడా ఉంటే నాకు చెప్పండి, పదిహేను రోజులకు మళ్ళీ రండి."

నేను బతికేది సిరిసిల్లలో మరమగ్గాల మీద. మేం వాటిని సాంచెలు అంటాం. ఎనిమిది సాంచెలు చూస్తాను. ఒకదాని మీద పోగు తెగుతుంది, ఉరికి అతకాలి. అంతలో ఇంకోదానిలో నూలు చుట్టిన కండె అయిపోతుంది, ఉరికి మార్చాలి. ఎనిమిది సాంచెలు ఎనిమిది మంది ఏడ్చే పిల్లల్లాంటివి. ఒకేచోట దృష్టి నిలిపేవాడు ఆ పనికి పనికిరాడు. ఏ డాక్టరమ్మా చెప్పకముందే నా రోగానికి తగ్గ కొలువు నేనే వెతుక్కున్నాను.

గోలి వేసుకున్న మొదటి పొద్దు ఏమైందంటే, ఒక సాంచె ముందు నిలబడ్డాను. నిలబడే ఉన్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి నేను నేసే గుడ్డను చూశాను. పోగు మీద పోగు ఎంత చక్కగా కూర్చుంటుందో! వెనక ఏడు సాంచెల మీద పోగులు తెగి జులపాల్లా వేలాడుతుంటే, నేను ఈ ఒక్కదాన్ని కొత్త పెళ్ళికొడుకులా చూస్తూ నిలబడ్డాను. పక్క వరుసలో పనిచేసే దోస్తు వచ్చి భుజం మీద చరిచాడు.

"ఏందే? సాంచెకు ఆశపడ్డవా?"

అది ఒక గంట ముచ్చట. తర్వాత అసలు సంగతి మొదలైంది. పదకొండు కొట్టేసరికి నా ఒంటి మీద ఎవరో తడిసిన బొంత కప్పినట్టైంది. జ్వరం కాదు, నొప్పి కాదు. కాళ్ళు ఉన్నాయి కానీ నా మాట వినడం లేదు. ఆవులిస్తే దవడ కీలు టక్కుమన్నది. సాంచెల ఆసామికి చెప్పి పక్కకు జరిగి, గుడ్డ తానుల కుప్పకు ఆనుకున్నాను. కళ్ళు మూసుకున్నది గుర్తుంది.

మెలకువ వచ్చింది కరెంటు పోయినప్పుడు. బయటివాళ్ళకు ఇది వింత. సాంచెల మధ్య పుట్టినవాళ్ళకు ఆ చప్పుడే జోలపాట. చప్పుడు ఆగితేనే ఉలిక్కిపడి లేస్తాం. కళ్ళు తెరిచేసరికి దోస్తు నా ముందు చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు.

"హుషారు గోలి అంటివి గదనే?"

"హుషారు గోలే."

"నీకు గోలి ఇచ్చిందా, జోల పాడి పంపిందా గా డాక్టరమ్మ? నాకు ఇంట్ల నిద్ర పడ్తలేదు, ఒక్కటియ్యి."

"ఇయ్యద్దన్నది."

"గంత మంచి గోలి ఎవలిస్తరు తియ్యి," అని నిష్టూరపడ్డాడు.

రోజూ అదే వరస. పొద్దున గోలి, ఒక గంట ధ్యానం, తర్వాత బొంత. అన్నం మీద ఆశ కూడా తగ్గింది. ఇంకో నష్టం కూడా జరిగింది, అది ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నేను నోరున్న మనిషిని. నలుగురు కూర్చున్న చోట నవ్వించకుండా లేచి రాను. ఇప్పుడు మంచి మాట నాలుక చివరి దాకా వచ్చి అక్కడే పడుకుంటున్నది. ఒకరోజు దోస్తు కొత్త చొక్కా వేసుకొని వస్తే, కోతకొచ్చిన పసుపు చేను లెక్క ఉన్నావు అందామనుకొని, బాగుంది అన్నాను. వాడు భయపడి నా నుదురు పట్టి చూశాడు.

డాక్టరమ్మకు ఫోన్ చేసి చెబుదామంటే మా ఆమె ఒప్పుకోలేదు. "పదిహేను రోజులకు రమ్మన్నది గద, అప్పుడు చెప్తం. నాకు పెండ్లయిన కాడికెల్లి ఇల్లు గింత నిమ్మలంగ ఎన్నడున్నది? జర నన్ను సుత బతకనియ్యి."

పైగా నా గోలి సంగతి ఫోన్ చేసి మరీ చుట్టాలకు చెప్పింది. "మస్తు కుదురైండు. ఒక్కదిక్కు కూసుంటె కదులుతలేడు," అని. అబద్ధం చెప్పలేదు. నిద్రపోతున్నాడు అన్న ముక్క ఒక్కటి తీసేసింది, అంతే.

ఆ ఫోన్లలో ఒకటి కోరుట్లలో మా అత్తకు పోయింది. మా మేనమామ భార్య. అప్పటికి మామ పోయి వారం.

మామ గురించి చెప్పకపోతే ఈ కథ నడవదు. నా రోగం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో డాక్టరమ్మ అడిగినప్పుడు నేను చెప్పలేకపోయాను గానీ, నాకు తెలుసు. ఉప్పు తెమ్మని పంపితే రెండు రోజులకు మేకపిల్లతో వచ్చిన మనిషి మా మామ. ఉప్పు తేలేదు. ఎడమకాలు కొంచెం కుంటేవాడు, ఎందుకు మామా అంటే మనిషికో కథ చెప్పేవాడు. చివరి పదేళ్ళు ఆయనకు షుగరు. తీపి ముట్టొద్దని డాక్టర్లు ఒకవైపు, అత్త ఒకవైపు కాపలా కాసేవాళ్ళు. ఆయనకు ప్రాణమేమో గరిజెలు. కొబ్బరి పొడి, చక్కెర నింపి అర్ధచంద్రుడిలా మడిచి నూనెలో వేయిస్తారే, కొన్ని దిక్కుల కజ్జికాయలు అంటారు, అవే. ఆయన తినే పద్ధతి కూడా వేరే. ముందు అంచు విరిచి, తల వెనక్కి వాల్చి లోపలి పొడి అంతా నోట్లో ఒంపుకునేవాడు. పైపొర తర్వాత, బుద్ధి పుడితే.

పోవడానికి నాలుగు రోజుల ముందు, పక్కింటి పిల్లను అత్తారింటికి పంపుతున్నారని అత్త వాళ్ళకోసం గరిజెలు చేసింది. మామ అడిగాడు. ఒక్కటి అన్నాడు. సగం అన్నాడు. వాసన చూసి ఇచ్చేస్తా అన్నాడు. అత్త డబ్బా మూత బిగించి అటక మీద పెట్టి, కోపంలో ఒక మాట అన్నది.

"నువ్వు సచ్చినంక పిట్టకు పెడ్త. అప్పుడు తిను కడుపునిండ!"

మా దిక్కు మొగుడూ పెళ్ళాలు ఇట్లాంటి మాటలు రోజుకు రెండు అనుకుంటారు, పట్టించుకోరు. కానీ మామ ఆ రోజు పట్టించుకున్నాడు. నాలుగు రోజులు అత్తతో మాట్లాడలేదు. ఎదురుగా ఉన్నా "గామెకు చాయ్ వెట్టుమని చెప్పుండ్రి" అని గోడకు చెప్పేవాడు. ఐదో పొద్దున గామె పెట్టిన చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే పక్కకు ఒరిగిపోయాడు.

పిట్టకు పెట్టడం అంటే, మనిషి పోయిన తర్వాత మూడో రోజు, పదో రోజు ఆయనకు ఇష్టమైనవన్నీ వండి, ఊరి బయట విస్తరిలో పెట్టి దూరం జరుగుతాం. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయిన మనిషి తృప్తిపడ్డట్టు. ముట్టకపోతే మనసులో ఏదో ఉన్నట్టు. కాకి ముట్టేదాకా ఇంటివాళ్ళెవరూ మెతుకు ముట్టరు.

మూడో రోజు అన్నం, మటన్, కొంచెం కల్లు, వెలిగించిన బీడీతో పాటు అత్త రెండు గరిజెలు పెట్టింది. కాకి వచ్చింది. అన్నం తిన్నది, మటన్ ముక్క ఎత్తుకుపోయింది. గరిజెల చుట్టూ ఒకసారి తిరిగి, వాటిని అట్లాగే వదిలి పోయింది. తర్వాత కోతుల మంద దిగితే పిల్లలు కట్టెలతో తరిమారు. ఆ అరుపులకు కాకి మళ్ళీ రాలేదు.

"అన్నం ముట్టింది గద, అయిపాయె," అన్నారు పెద్దమనుషులు. అత్తకు మాత్రం అయిపోలేదు. ఆమె ఏడుపు ఆ రోజు నుంచి మారింది. అంతకుముందు గట్టిగా ఏడ్చింది. ఆ తర్వాత ఏడవడం మానేసి, "కోపం పోలే ఆయనకు," అని ఒక్కటే మాట. ఎవరేం చెప్పినా అదే మాట.

ఇక మిగిలింది పదో రోజు. అదే ఆఖరు. ఆ రోజు పిట్ట దగ్గర కుదురుగా కూర్చొని, కాకిని బెదరగొట్టకుండా, కోతులను రానీయకుండా చూసే మనిషి కావాలి. అత్త నన్నే పిలిపించింది.

నా జీవితంలో నాకు ఎవరూ ఏదీ అప్పజెప్పలేదు. పెళ్ళిళ్ళలో కొబ్బరికాయ పట్టుకోమని కూడా ఇవ్వరు, ఎక్కడో పెట్టేస్తానని. అట్లాంటి నన్ను పట్టుకొని అత్త, "అల్లుడా, నీకిప్పుడు దవాఖాన్ల దృష్టి నిలబెట్టిండ్రట గద. నువ్వే కూసోవాలె. గరిజె ముడ్తదా లేదా నీ కండ్లతోని చూసి నాకు చెప్పాలె," అన్నది. నాకు ఛాతీ ఒక జానెడు పెరిగింది.

సిరిసిల్ల నుంచి కోరుట్ల వచ్చే దారంతా మా బిడ్డ కొత్త అద్దాల్లోంచి బోర్డులు చదువుతూనే ఉంది. దుకాణాల పేర్లు, గోడల మీద పైల్స్ మందు ప్రకటనలు, ఎదురుగా వచ్చే లారీల వెనక కవిత్వం, ఏదీ వదల్లేదు. ఇన్నేళ్ళు కనబడని లోకాన్ని వడ్డీతో సహా చదువుకుంటున్నదని నవ్వుకున్నాను.

పదో రోజు పొద్దున ఒక చిక్కు వచ్చింది. గోలి తిన్న తర్వాతే వేసుకోవాలి. పిట్ట ముట్టందే తినకూడదు. డాక్టరమ్మ మాట ఒకటి, పెద్దమనుషుల మాట ఒకటి. గోలి చేతిలో పట్టుకొని నిలబడ్డాను.

"ఇయ్యాల ఇడిసిపెట్టనా?" అన్నాను.

"ఇడిసిపెడ్తె కాకిని మరిచిపోయి ఏ తూనీగ ఎంబడో పోతవ్," అన్నది మా ఆమె. "ఏసుకో. కాకి ఎంతసేపట్ల అస్తది?"

వేసుకున్నాను. ఉత్త కడుపులో.

ఊరి బయట పసుపు చేను గట్టు మీద విస్తరి వేశారు. అన్నీ వడ్డించి, చివరన అత్త కొంగులోంచి రెండు గరిజెలు తీసి పెట్టింది. పెట్టి, వంగి ఏదో చెప్పింది, వినబడలేదు. మనుషులు చూస్తుంటే పిట్ట దిగదని పెద్దమనిషి అందరినీ బోరు మోటారు గది అవతలికి తోలుకుపోయాడు. "ఎవలు సప్పుడు జెయ్యద్దు, ఎవలు మాట్లాడద్దు," అని పిల్లలకు గట్టిగా చెప్పాడు. నేను ఇరవై అడుగుల దూరంలో వేపచెట్టు కింద కూర్చున్నాను. తలకు తువ్వాల, చేతిలో కట్టె.

మొదటి అరగంట నాలాంటి కాపలాదారు భూమ్మీద లేడు. గరిజెను ఎంత దీక్షగా చూశానంటే దాని అంచుకు ఎన్ని మడతలున్నాయో లెక్కపెట్టాను. పదిహేడు. రెండోదానికి పద్దెనిమిది. కాకి రాలేదు. చేనుకు నీళ్ళు పారిస్తూ మోటారు నడుస్తోంది. ఆ చప్పుడు... చెప్పాను కదా నా పుట్టుక గురించి.

బొంత మెల్లగా దిగింది. గిచ్చుకున్నాను. నాలుక కొరుక్కున్నాను. ఎక్కాలు చదివితే మెదడు మేలుకుంటుందని మొదలుపెట్టాను. ఆరో ఎక్కం దాకా బాగానే పోయింది. ఏడోది రాదు, అక్కడే బడి మానేశాను. అక్కడే నిద్ర కూడా పట్టింది.

తర్వాత జగిత్యాల పోయినప్పుడు డాక్టరమ్మ తల పట్టుకొని వివరించింది. కొందరికి ఈ మందు హుషారుకు బదులు అలసట తెస్తుందట. ఉత్త కడుపుతో అయితే ఇంకా ఎక్కువట. పైగా ఏళ్ళ తరబడి పరుగెత్తిన బుర్ర ఒక్కసారి ఆగితే, అన్నాళ్ళ అలసటా అప్పుడే తెలుస్తుందట. ముందే ఎందుకు ఫోన్ చేయలేదని తిట్టి, మోతాదు తగ్గించింది. ఇప్పుడు బాగానే ఉన్నాను, బొంత రావడం లేదు, నోరు తిరిగి వచ్చింది. కానీ ఆ రోజు వేపచెట్టు కింద నాకు ఇవేవీ తెలియవు.

మెలకువ వచ్చింది మోటారు ఆగినప్పుడు. కరెంటు పోయింది. ఉలిక్కిపడి విస్తరి వైపు చూశాను.

అన్నం చెల్లాచెదరుగా ఉంది. మటన్ లేదు. బీడీ ఆరిపోయి ఉంది. గరిజెలు రెండూ లేవు. చుట్టూ ఎవరూ లేరు, చెట్టు మీద కాకి లేదు, గట్టు మీద కుక్క లేదు. నా తల మీద తువ్వాల కూడా లేదు. గాలికి పోయిందేమో అనుకుందామంటే ఆకు కూడా కదలడం లేదు.

అప్పటికే అత్త గట్టెక్కి వస్తోంది. వెనక అందరూ.

"ముట్టిందా అల్లుడా?"

నిద్రపోయాను అని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె ముఖం చూశాను. నోరు ఎటు తిరగాలో అటే తిరిగింది.

"ముట్టింది."

"గరిజె?"

"ముందు గరిజెనే ముట్టిందత్తా."

ఆమె అక్కడే గట్టు మీద కూలబడ్డది. "ఒక్కటే అచ్చిందా, మంద అచ్చిందా?"

"ఒక్కటే."

"ఎట్ల నడిసింది?"

అక్కడ ఆగాల్సింది. నాలాంటి వాడికి ఆగడం రాదు, దానికే కదా గోలి. "జర ఎడమకాలు కుంటింది," అన్నాను.

అత్త గొల్లుమన్నది. అది మూడో రోజు తర్వాత మళ్ళీ ఇప్పుడు వచ్చిన అసలు ఏడుపు. ఆడవాళ్ళంతా ఆమెను పట్టుకున్నారు. "ఆయననే! ఆయననే అచ్చిండు!" పెద్దమనిషి నా భుజం తట్టాడు. మా ఆమె నా వైపు గర్వంగా చూసింది, పెళ్ళయినప్పటి నుంచి అది రెండోసారి.

ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కొని, బంతిలో కూర్చున్నాం. అత్త పది రోజుల తర్వాత మొదటిసారి నవ్వు ముఖంతో తిరుగుతోంది. నా విస్తరిలో తనే రెండు గరిటెల మటన్ ఎక్కువ వేసింది. కొత్తగా ఎవరు గడప తొక్కినా, "అల్లుడా, కాకి సంగతి చెప్పు," అంటుంది. మొదటిసారి చెప్పినప్పుడు కాకి కుంటింది. రెండోసారి చెప్పినప్పుడు నా వైపు తిరిగి తల ఊపింది. మూడోసారికి దాని గొంతులో మామ దగ్గు వినబడింది. ఇంకొకరు వస్తే దానికి మీసాలు మొలిచేవి.

ఆ ఇంకొకరు రానే వచ్చారు. ఈసారి అత్త నా పక్కన కూర్చొని చెయ్యి పట్టుకున్నది. ఇట్లా మెల్లగా అన్నది.

"నా మీద కోపం లేదు గద అల్లుడా? నువ్వు చూసినవు గద?"

ముద్ద విస్తరిలో పెట్టేశాను. జీవితమంతా మాటలతో నెట్టుకొచ్చాను. అత్తకు చెప్పే ఈ ఒక్క మాట మాత్రం కిందికి పోవడం లేదు, పైకి రావడం లేదు.

"అత్తా, నేను చూడలేదు. నిద్రవోయిన. లేసేవరకు విస్తరి ఖాళీగున్నది. కుంటుడు, తల ఊపుడు అన్నీ నేను అల్లి చెప్పినయే."

బంతి మొత్తం నమలడం ఆపింది.

"హుషారు గోలి ఏసుకొని నిద్రవోయినవా?" అన్నది మా ఆమె.

పెద్దమనిషి చేతిలో ముద్ద విస్తరికీ నోటికీ మధ్య ఆగిపోయింది. "అంటే పిట్ట ముట్టలేదా ఏంది? మనం ముక్క మింగితిమి గదరా!"

అత్త నా చెయ్యి వదిలేసింది. దానికంటే ఆమె నా చెంప మీద ఒకటి కొట్టినా బాగుండేది.

అప్పుడు బంతి చివర నుంచి మా బిడ్డ అన్నది. "పిట్ట ముట్టింది. నేను చూసిన."

అందరం అటు తిరిగాం. అది అద్దాలు సర్దుకున్నది.

"నువ్వెట్ల చూసినవే? అందరం మోటార్ అర్ర ఎనుకకు ఉంటిమి గద!" అన్నది వాళ్ళమ్మ.

"అర్ర మీదికి ఎక్కిన. ఆడికెల్లి అన్నీ కనబడ్డయి. కాకి అచ్చింది. అన్నం తిన్నది, ముక్క తిన్నది. గరిజె ముట్టలే." అత్త తల వంచుకున్నది. బిడ్డ ఆగలేదు. "కాకి పోయినంక కోతి అచ్చింది. ఒక్కటే. ముసలిది. బాపు పక్కన అచ్చి కూసున్నది. బాపు గురక వెడ్తుంటె మొకంలకు వంగి చూసింది. తువ్వాల గుంజి మెడల ఏసుకున్నది. గటెంక పోయి గరిజె తీసుకున్నది."

"మరి ఒర్లద్దా? తరమద్దా?" అన్నాడు పెద్దమనిషి.

"నువ్వే గద తాతా, సప్పుడు జెయ్యద్దంటివి?"

పెద్దమనిషి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అత్త మెల్లగా తల ఎత్తింది.

"గరిజె ఎట్ల తిన్నది బిడ్డా?"

"అంచు ఇరిసింది అమ్మమ్మా. గిట్ల తల ఎనుకకు పెట్టి, లోపటి పొడి అంత నోట్ల పోసుకున్నది. పైది పారేసింది. రెండోది దవడల పెట్టుకొని చెట్టెక్కింది."

కోతులన్నీ అట్లాగే తింటాయా, ఆ ఒక్కటే అట్లా తిన్నదా, నాకు తెలియదు. ఏ కోతికీ గరిజె పెట్టి చూడలేదు. నవ్వు ముందు అత్తకే వచ్చింది. ముక్కులోంచి చిన్న చప్పుడులా మొదలై, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

"నేను పిచ్చిదాన్ని గాకపోతే," అన్నది, "కాకి లెక్క నలుగురి ముందట అచ్చి సక్కగ తినిపోయే మనిషా ఆయన? నలభై ఏండ్లు నా డబ్బాలకెల్లి దొంగతనంగనే తిన్నడు. ఇప్పుడు మాత్రం అడిగి తింటడా?"

"తువ్వాల సుత పాయెనత్తా," అన్నాను, మెల్లగా.

"పోనియ్యి. నీ దగ్గర ఏదెన్నడు నిలిచింది."

పెద్దమనిషికి అప్పటికి ధైర్యం వచ్చింది. కాకి అన్నం ముట్టింది కాబట్టి లెక్క సరిపోయిందని, కోతి అంటే కొండగట్టు అంజన్న మనిషి కాబట్టి అది ఇంకా ఎక్కువని తీర్పు చెప్పాడు. ఆ తీర్పు ఎవరూ వినలేదు. ఎందుకంటే అత్త నవ్వు మధ్యలో ఆగిపోయింది. ఏదో గుర్తొచ్చినదానిలా మా బిడ్డ వైపు తిరిగింది.

"బిడ్డా, రెండోది సుత తీస్కపోయిందంటివా?"

"ఆఁ, తీస్కపోయింది."

అత్త లేచి వాకిట్లోకి పోయి, పసుపు చేను ఉన్న దిక్కుకు తిరిగి, నడుము మీద చెయ్యి పెట్టుకున్నది.

"రెండు తిన్నవా? షుగర్ ఉన్నోడివి, రెండు తిన్నవా? సిగ్గున్నదా నీకు జర?"

ఆ గొంతు వీధి చివర దాకా వినబడింది. రెండు వారాల తర్వాత అత్తామామలు మళ్ళీ మాట్లాడుకుంటున్నారు.